రోము దేవతలు మన నేలలో.. మూసలో కరిగితే ఆనవాలు దొరకదు

మైదుకూరు: పలు దిక్కుల నుంచి వచ్చే దారులు కలిసే ఊరు మైదుకూరు. ఇక్కడి కూడలి నుంచి ఉత్తరానికి సాగితే ఆళ్లగడ్డ మీదుగా నంద్యాల వస్తుంది. తూర్పున బద్వేలు దాటి వెళితే నెల్లూరు, దక్షిణాన కడప దాటితే రాజంపేట వస్తాయి. ఈ మూడు దారుల చివరా ఒకే రకపు పాత సొమ్ము భూమిలో నుంచి బయటపడింది. అవి విజయనగర రాజుల వరహాలు కావు, సుల్తానుల మొహరులూ కావు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట రోము సామ్రాజ్యపు టంకశాలల్లో అచ్చయిన బంగారు నాణేలు. ఒక వైపు చక్రవర్తి ముఖం, మరో వైపు ఎవరో దేవత.

నంద్యాలలో 1932లో ఇటువంటివి 52 దొరికాయి. రాజంపేట సమీపంలో, చెయ్యేటి ఒడ్డున పరశురామేశ్వరాలయం ఉన్న అత్తిరాలలో కూడా రోమన్ బంగారు నాణేలు దొరికినట్లు పాత జాబితాల్లో నమోదై ఉన్నది. వీటన్నింటి కంటే ముందుగా లోకానికి తెలిసింది నెల్లూరు ముంత. ఆ ముంత కథ తెలిస్తే, పొలంలో దొరికిన పాత నాణెం కంసాలి మూసలోకి వెళ్లడం వల్ల ఏమి పోతుందో అర్థమవుతుంది.

కొంతకాలం మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ 1787లో రాసిన లేఖలో ఆ సంగతి వివరించాడు. నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్లగుట్ట పక్కన దున్నుతుండగా మడకకు ఇటుక కట్టడం అడ్డుతగిలింది. తవ్వి చూడగా ఒక చిన్న గుడి శిథిలాలు, వాటి కింద ఒక ముంత కనిపించాయి. ముంత నిండా రోమన్ నాణేలు ఉన్నాయి. రైతుకు అవి పాత బంగారంగానే తోచాయి. అదే లెక్కన అమ్మేశాడు. చాలా నాణేలు కరిగిపోయాయి. నవాబు కుటుంబానికి చెందిన అమీర్-ఉల్-ఉమరా వాకబు చేయించి ముప్పైకి పైగా నాణేలను మాత్రం దక్కించుకోగలిగాడు. వాటిలో రెండింటిని ఎంచుకునే అవకాశం డేవిడ్‌సన్‌కు వచ్చింది. ఆయన ఒక హాడ్రియన్ నాణేన్ని, ఒక ఫౌస్టీనా నాణేన్ని తీసుకున్నాడు. ట్రాజన్ నాణేలు కొన్ని అప్పుడే టంకశాల నుంచి వచ్చినట్లు కొత్తగా మెరుస్తున్నాయని, మరికొన్నింటికి ఆభరణంగా ధరించినట్లు రంధ్రాలు ఉన్నాయని కూడా రాశాడు.

ముంతలో మొత్తం ఎన్ని నాణేలు ఉన్నాయో ఆ లేఖ చెప్పదు. చెప్పే వీలూ లేదు, లెక్కించక ముందే కరిగాయి. ఆ రైతును తప్పుపట్టడానికి లేదు. అవి ఏమిటో చెప్పేవారు ఆనాడు ఆయన చుట్టూ ఎవరున్నారు?

చివరి నాణెమే తేదీ చెబుతుంది

ఒక కుండలో పలువురు రాజుల నాణేలు ఉన్నప్పుడు పరిశోధకులు మొదట చూసేది వాటిలో అన్నింటికంటే తర్వాతిది ఏదని. నంద్యాల నిధినే తీసుకుందాం. అందులో టైబీరియస్ (క్రీ.శ. 14-37) నుంచి అంటోనైనస్ పయస్ (క్రీ.శ. 138-161) దాకా చక్రవర్తుల నాణేలు ఉన్నాయి. అంటే ఆ కుండను భూమిలో దాచింది క్రీ.శ. 138 తర్వాతే అని నిశ్చయంగా చెప్పవచ్చు. ఒకవేళ ఆ 52లో అంటోనైనస్ నాణేలు ముందుగా అమ్ముడుపోయి కరిగిపోయి ఉంటే, మిగిలినవాటిని చూసి ఆ నిధి మరింత ముందటి కాలానిదని పొరబడేవారు. నాలుగైదు నాణేల తేడాతో ఒక ప్రాంతపు వర్తక చరిత్ర తారుమారవుతుంది. అందుకే నిధిని విడదీయకుండా, దొరికిన చోటు పేరుతో సహా చూడాలని పురావస్తు శాఖ వారు పట్టుబడతారు. ఒక నాణేన్ని కుండ నుంచి, కుండను పొలం నుంచి విడదీశాక మిగిలేది అందమైన లోహపు బిళ్ల మాత్రమే.

తెలంగాణలో నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో 1,531 వెండి నాణేలు ఒకేచోట దొరికాయి. ఇవి అగస్టస్, టైబీరియస్ కాలాల నాటివి. నాణేల శాస్త్రవేత్త పరమేశ్వరీలాల్ గుప్తా ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోమన్ నాణేలపై రాసిన పుస్తకాన్ని రాష్ట్ర ప్రభుత్వ మ్యూజియం 1965లో ప్రచురించింది. గుంటూరు ప్రాంతంలోని వినుకొండలో టైబీరియస్ నుంచి కారకల్లా వరకు ఉన్న బంగారు నాణేలు 15 దొరికాయి. నాగార్జునకొండ తవ్వకాల్లోనూ రోమన్ బంగారం బయటపడింది. స్థూలంగా చూస్తే తెలంగాణ వైపు వెండి, కృష్ణకు దక్షిణాన బంగారం ఎక్కువగా కనిపిస్తాయి.

రోము సొమ్ము ఇక్కడికెందుకు?

నాటి రోమనులకు ఇక్కడి మిరియాలు, సన్నని నూలు వస్త్రాలు, రత్నాలు, దంతం కావాలి. ఇక్కడివారికి అక్కడి సరకుల్లో కావలసింది స్వల్పం. ఆ తేడాను వారు బంగారంతో, వెండితో పూడ్చారు. ప్లినీ అనే రోమన్ రచయిత క్రీ.శ. మొదటి శతాబ్దంలోనే దీనిపై వాపోయాడు. ఏటా ఐదు కోట్ల సెస్టర్సులకు తగ్గకుండా భారతదేశం తమ సొమ్మును లాగేస్తున్నదని ఆయన లెక్క. వంద సెస్టర్సులు ఒక బంగారు నాణేనికి సమానం. ఆ ప్రకారం ఏటా ఐదు లక్షల బంగారు నాణేల విలువ. ప్లినీ కాస్త పెంచి చెప్పాడని అనుమానించే చరిత్రకారులూ ఉన్నారు. ఎంత తగ్గించుకున్నా అది పెద్ద మొత్తమే. దాదాపు అదే కాలానికి చెందిన ఒక గ్రీకు నావికుడి గ్రంథం ఎర్రసముద్రం నుంచి భారత తీరం దాకా రేవులను, సరకులను వరుసగా చెబుతూ మసాలియా అనే తీరంలో నూలు వస్త్రాలు విస్తారంగా తయారవుతాయని పేర్కొన్నది. అది మన కృష్ణా తీర ప్రాంతమే.

ఆ కాలంలో ఇక్కడ ఏలిన శాతవాహనులు సీసం, రాగి, పోటీను నాణేలు ఎక్కువగా వేయించారు. వెండివి తక్కువ. బంగారు నాణేలను వారు వేయించినట్లు ఆధారం లేదు. కాబట్టి రోము నాణెం ఇక్కడ బజారులో చిల్లరగా చెలామణి కాలేదు. తూకం, నాణ్యత నమ్మదగిన బంగారు ముద్దగానే వర్తకులు దానిని చేతులు మార్చుకుని ఉంటారని పండితుల అభిప్రాయం. అగస్టస్ నాటి వెండి దీనారం సుమారు 3.9 గ్రాములు. బంగారు ఆరియస్ దాదాపు 7.8 గ్రాములు. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి రెండింటి బరువూ తగ్గించి, వెండిలో కల్తీ పెంచాడు. ఆ తర్వాతి వెండి మన వైపు అరుదు. కల్తీని గీటురాయి మీద పట్టేసే వర్తకులు ఇక్కడ అప్పటికే ఉన్నారన్నమాట! పాత వెండి నాణేలనూ, వాటికంటే బంగారాన్నీ కోరుకున్నారు. నీరో తర్వాతి బంగారు నాణెం సుమారు 7.3 గ్రాములు, అంటే నేటి పది గ్రాముల తులంలో ముప్పావుకు కాస్త తక్కువ.

దీనారం అన్న మాట కూడా ఆ వర్తకంతో వచ్చిందే. రోమనుల దెనారియస్ మన శాసనాల్లో దీనారమైంది. నాగార్జునకొండలోని ఇక్ష్వాకుల నాటి శాసనంలో దానంగా ఇచ్చిన దీనార మాషకాల ప్రస్తావన ఉన్నది.

బొమ్మా? బొరుసా?

నాణెం ఎగరవేసి బొమ్మా బొరుసా అని అడగని పిల్లవాడు ఉండడు. రోము నాణేనికి ఆ రెండు మాటలూ చక్కగా సరిపోతాయి. బొమ్మ వైపు రాజు తల, చుట్టూ అక్షరాలు ఉంటాయి. ఆ అక్షరాలు చదవడానికి పాండిత్యం అక్కరలేదు. లాటిన్ లిపి మన బడుల్లో పిల్లలు నేర్చుకునే ఇంగ్లిషు పెద్దబడి అక్షరాలే. యు ఉండవలసిన చోట వి ఉంటుంది, మాటల మధ్య ఖాళీ ఉండదు, పదాలు కుదించి ఉంటాయి. సీజరు అనేదానికి సి, ఎ, ఇ, ఎస్ అనీ, అగస్టస్ అనేదానికి ఎ, వి, జి అనీ ఉంటే చాలు. టి, ఆర్, పి అనే మూడక్షరాలు, వాటి పక్కన రోమన్ అంకె కనిపిస్తే అది మరింత విలువైన ఆధారం. అది చక్రవర్తికి ఏటేటా లెక్కకట్టే ఒక పదవి. ఆ అంకెను బట్టి నాణెం ఏ ఏడాదిదో చెప్పవచ్చు.

బొరుసు వైపు చూడవలసింది దేవతల చేతుల్లోని వస్తువులను. మన గుళ్లలో శంఖచక్రాలుంటే విష్ణువనీ, త్రిశూలముంటే శివుడనీ పోల్చుకున్నట్లే, రోమనులూ ఆయుధాలను బట్టే తమ దేవతలను గుర్తుపట్టేవారు. చేతిలో పిడుగు, రాజదండం ఉంటే జూపిటర్. వారి దేవతలకు రాజు అతడే, మనవైపు వజ్రాయుధం పట్టిన ఇంద్రుడి వంటివాడు. ఆ పేరు కూడా మనకు మరీ పరాయిది కాదు. వేదాల్లోని ద్యౌష్పితకూ, జూపిటర్‌కూ మూలం ఒకటేనని భాషా శాస్త్రవేత్తలు తేల్చారు. నీరో తనను కాపాడిన జూపిటర్ పేరిట బంగారు నాణేలు వేయించాడు.

శిరస్త్రాణం, డాలు, ఈటె పట్టిన స్త్రీమూర్తి మినర్వా. డొమిషియన్ చక్రవర్తికి ఆమె ఇష్టదైవం, అతడి వెండి నాణేల్లో ఎక్కువ భాగం ఆమెవే. శిరస్త్రాణంతో ఈటె మోసే మగవాడు యుద్ధదేవుడు మార్స్. గదను పోలిన దుడ్డుకర్ర, సింహచర్మం ఉంటే హెర్క్యులిస్. మన పిల్లలకు భీముడని చెబితే సులువుగా పోల్చుకుంటారు. రెక్కలతో, చేతిలో పూలదండతో ఉన్నది విజయదేవత విక్టోరియా. ధాన్యపు వెన్నులు పట్టినది పంటల దేవత సెరెస్. పక్కన నెమలి ఉంటే అది జూపిటర్ భార్య జూనో. నెమలి కనబడగానే కుమారస్వామి అనుకోకూడదు. పడవ చుక్కాని, పండ్లు నిండిన కొమ్ము ఉన్నది అదృష్టదేవత ఫార్చ్యూనా. త్రాసు పట్టినది ధర్మానికి రూపమైన ఈక్విటాస్. తోడేలు పాలు తాగుతున్న ఇద్దరు శిశువులు కనిపిస్తే అది రోము నగర పుట్టుక కథ. ఆ కవలల పేర్లు రోములస్, రెముస్.

రాజులే దేవతలైన నాణేలూ ఉన్నాయి. అంటోనైనస్ పయస్ భార్య ఫౌస్టీనా మరణించాక ఆమెకు గుడి కట్టించి, నాణేలపై దివా అని పేరుకు ముందు చేర్చారు. మన దేవ శబ్దానికి అది చుట్టమే.

మన దేశంలో దొరికే వెండి నాణేల్లో మాత్రం ఇంతటి వైవిధ్యం కనిపించదు. ఎక్కువగా రెండు రకాలే. ఒకటి అగస్టస్ దత్తపుత్రులు గాయస్, లూసియస్ డాళ్లతో నిలుచున్నది. రెండోది టైబీరియస్ నాణెం. దాని మీద కుర్చీలో కూర్చున్న స్త్రీ ఉంటుంది. ఆమె శాంతిదేవత అనీ, ఆ రూపంలో టైబీరియస్ తల్లి లివియా అనీ అంటారు. బైబిల్‌లో సీజరువి సీజరుకు చెల్లించండని ఏసుక్రీస్తు చెప్పిన సందర్భంలో చూపిన నాణెం ఇదేనని సంప్రదాయంగా భావిస్తారు. దేవతల వైవిధ్యం చూడాలంటే దక్షిణాది బంగారు నిధులనే ఆశ్రయించాలి. రాయలసీమకు దక్కిన వాటా అదే.

నాణెం మీద దేవుణ్ణి చూడటం ఈ ప్రాంతానికి కొత్త కాదు. విజయనగర వరహాల మీద ఉమామహేశ్వరులు, లక్ష్మీనారాయణులు, అచ్యుతరాయల కాలంలో గండభేరుండం కనిపిస్తాయి. వాటికి పన్నెండు వందల ఏళ్లకు ముందే పరదేశపు దేవతలు ఈ నేలలోకి చేరారు.

కాసులపేరు నుంచి ఉలిగాటు దాకా

నెల్లూరు నాణేలకు రంధ్రాలున్నాయని డేవిడ్‌సన్ రాసిన మాట చిన్నది కాదు. బంగారు నాణేన్ని మెడలో వేసుకోవడం మనవాళ్ల పాత అలవాటు. నేటికీ పెళ్లిళ్లలో కనిపించే కాసులపేరు ఆ అలవాటుకు వారసురాలే. రోము నాణేలకు కొక్కెం అతికి లేదా తల పైభాగాన చిల్లు పెట్టి ధరించారు. బంగారానికి స్తోమత లేనివారు ఆ నాణెం ఆకారాన్ని మట్టిలో అచ్చు వేయించుకున్నారు. అటువంటి మట్టి పతకాలు తెలంగాణలోని కొండాపూర్ వంటిచోట్ల బయటపడ్డాయి. ఇక్కడి కంసాలులు రోము నాణేలకు అనుకరణలు కూడా చేశారు. వాటిలో అక్షరాలు అక్షరాల్లా ఉంటాయే గాని చదివితే అర్థముండదు. చదవడం తెలియని నేర్పరి చేతి పని అది. పాతకాలపు అనుకరణ కాబట్టి దానికీ చరిత్రలో చోటున్నది.

మరో విచిత్రం ఉలిగాటు. మన దేశంలో దొరికిన పలు రోమన్ బంగారు నాణేలపై చక్రవర్తి ముఖం మీదుగా ఉలితో కొట్టిన గాటు ఉంటుంది. లోపల కల్తీ ఉందేమోనని పరీక్షించారని కొందరు, అది ఇక డబ్బుగా చెల్లదని తెలపడానికి కొట్టారని మరికొందరు అంటారు. పరీక్ష కోసమైతే అంచున గీస్తే సరిపోతుంది, ముఖం మీదనే గాటు ఎందుకు? ఈ ప్రశ్నకు ఇంకా అందరూ ఒప్పుకున్న జవాబు రాలేదు. పొలంలో గాటుపడిన నాణెం దొరికితే పాడైనదని తీసిపారేయరాదు.

దొరికితే ఏం చేయాలి?

సీమలో తొలకరి పడితే జొన్నగిరి, తుగ్గలి వైపు వజ్రాల కోసం జనం పొలాలు వెతకడం ఏటా చూస్తున్నదే. దాన్ని ఎవరూ నేరంగా భావించరు. గుప్తనిధుల పేరిట పాడుబడ్డ గుళ్లలో రాత్రివేళ జరిగే తవ్వకాలు మాత్రం వేరు. నంది విగ్రహాలు పగిలేది, గర్భగుడులు కూలేది వాటివల్లనే. వీటిలో నిజంగా నిధి దొరికేది బహు అరుదు. దొరికినా అది మూసలోకో, దొంగ వ్యాపారి చేతికో వెళుతుంది.

ఇక ఇల్లు కట్టుకోవడానికి పునాది తీస్తున్నప్పుడో, కె.సి. కాలువ కింద పొలం చదును చేస్తున్నప్పుడో అనుకోకుండా నాణేలు బయటపడితే వర్తించేది 1878 నాటి నిధుల చట్టం. భూమిలో దాగి దొరికిన సొత్తు విలువ పది రూపాయలు మించితే, దొరికినవారు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఏమి దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ తేదీన అన్నవి అందులో ఉండాలి. సొత్తును దగ్గరి ప్రభుత్వ ఖజానాలో అప్పగించాలి లేదా హామీ ఇవ్వాలి. దాచిపెడితే వాటా పోవడమే కాక ఏడాది వరకు జైలు, జరిమానా లేదా రెండూ పడవచ్చు.

ప్రభుత్వం అంతా తీసేసుకుంటుందన్న భయమే చాలామందిని కంసాలి దగ్గరకు నడిపిస్తోంది. చట్టంలో ఉన్నది అది కాదు. విచారణలో సొత్తుకు యజమాని లేడని తేలితే, వేరే ఒప్పందం లేని పక్షంలో దొరికినవారికి ముప్పావు వంతు, భూయజమానికి పావు వంతు చెందుతాయి. సొంత పొలంలో తనకే దొరికితే వాటా పంచుకోనక్కరలేదు. ప్రభుత్వం మ్యూజియం కోసం తీసుకోదలచితే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లించాలి. ఇక్కడే చట్టం పాతబడింది. నాణేల విపణిలో మంచి ఆరియస్ ధర దానిలోని బంగారం ధర కంటే ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ తేడా తెలిసిన రైతుకు అయిదో వంతు అదనం పెద్ద ఆశ కల్పించదు. నిజాయితీగా తెచ్చి ఇచ్చినవారికి తగిన ప్రతిఫలం పెంచితే మూసలోకి వెళ్లే నాణేలు తగ్గుతాయి.

నాణేలు సేకరించే అలవాటు ఉన్నవారికి వర్తించేది 1972 నాటి పురావస్తువుల చట్టం. 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే. వాటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు కావాలి. ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం పూర్తిగా నిషేధం. లైసెన్సు ఉన్న వ్యాపారి వద్ద రసీదు తీసుకుని కొన్నదానికీ, సంతలో ఎవరో జేబులోంచి తీసి చూపినదానికీ ఉన్న తేడాను సేకర్తలు గుర్తించాలి. ఎక్కడ దొరికిందని అడిగితే మాట దాటవేసేవారి సరుకు రెండింటిలో ఒకటి. దొంగతవ్వకాలదైనా అయి ఉండాలి, నకిలీదైనా కావాలి.

నకిలీలకు కొదవలేదు. పాత నాణేన్ని రెండు అచ్చుల మధ్య ఉంచి సుత్తితో కొట్టి ముద్రించేవారు కాబట్టి అంచు ఒకే తీరుగా గుండ్రంగా ఉండదు, బొమ్మ కాస్త పక్కకు జరిగి ఉంటుంది. పోతపోసిన నకిలీలో భూతద్దంతో చూస్తే సన్నని బుడగల గుంతలు, అంచు చుట్టూ అతుకు గీత లేదా ఆకురాయి గీతలు కనిపిస్తాయి. తూకం కుదరదు. ఒకే చోట ఒకే గీత ఉన్న రెండు నాణేలు చూపిస్తే అవి ఒకే మూసలోవని వెంటనే తెలుసుకోవచ్చు. బంగారం అసలుదే అయినంత మాత్రాన నాణెం అసలుదని అనుకోరాదు. నేటి బంగారంతో పాత అచ్చు పోలిక వేసేవారూ ఉన్నారు.

అనుమానం ఉన్నవారు కడపలోని భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియంలో విచారించవచ్చు. తీసుకెళ్లే ముందు ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. రాగి చెంబును తోమినట్లు నాణేన్ని చింతపండుతోనో, బూడిదతోనో రుద్దకూడదు. పులుపు వెండిని తింటుంది, బూడిద సన్నని అక్షరాలను అరగదీస్తుంది. మట్టి అంటి ఉంటే అలాగే పొడి గుడ్డలో చుట్టి, దొరికిన కుండ పెంకులను కూడా విడిగా మూటగట్టి ఉంచాలి. దొరికిన చోట సర్వే నంబరు, ఎంత లోతులో ఉన్నది, కుండ ఏ వైపు ఒరిగి ఉన్నది అన్నవి అప్పుడే కాగితం మీద రాసిపెట్టుకోవాలి.